డెబియన్ సంఘమున ఇనిట్ వివాదము

కోయంబత్తూరు మండలమున స్థిరపడిన తెలుగువారికి యంత్రములు కొత్తవి కావు. పూర్వము దక్షిణమునకు వచ్చి నల్లరేగడి నేలలో ప్రత్తి పండించిన కుటుంబములలో పెక్కు, తరువాతి తరములలో ఆ ప్రత్తిని వడకు మిల్లులను, ఆ మిల్లులకు కావలసిన మోటారులను, పంపులను నిర్మించుటకు పూనుకొన్నవి. కలంగల్ గ్రామమున జన్మించిన జి. డి. నాయుడుగారు (1893–1974) యంత్రమును విప్పి, దాని లోపలి అమరికను తెలిసికొని గాని విడువని స్వభావమునకు ఈనాటికిని ఉదాహరణముగా చెప్పబడుచున్నారు. ఇప్పుడు గాంధీపురము వీథులలో కంప్యూటరులను అమ్ము అంగళ్లును, బాగుచేయు అంగళ్లును కలవు. అయినను మీట నొక్కిన క్షణము మొదలు తెరపై అక్షరములు కనబడు వఱకు కంప్యూటరు లోపల జరుగు పని యేమో, దానిని ఆ విధముగనే జరుపవలెనని నిర్ణయించినవారు ఎవరో విచారించువారు తక్కువ.

ఈ ప్రశ్న మన ప్రాంతమునకు దూరమైనది కాదు. 2011 సెప్టెంబరు 15 వ తేదీన తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు ఉచితముగా లాప్‌టాపులను ఇచ్చు పథకమును ప్రారంభించినది. ఆ లాప్‌టాపులలో విండోసుతో పాటు బాస్ అను లినక్సు పంపిణీ కూడ అమర్చబడి యుండెను. బాస్ అనగా భారత్ ఆపరేటింగ్ సిస్టం సొల్యూషన్స్. కేంద్రప్రభుత్వ సంస్థయగు సీడాక్ చెన్నై శాఖ దీనిని డెబియన్ అను పంపిణీ ఆధారముగా రూపొందించినది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగువారికై సిద్ధపఱచిన నిర్వహణ వ్యవస్థకును డెబియనే ఆధారము. కావున డెబియన్ మూలమున జరిగిన మార్పు కొంతకాలమునకు చెన్నై చేరును. అక్కడినుండి ఆ పథకము నడచిన కాలమున కోయంబత్తూరు బడిపిల్లవాని సంచిలోనికి వచ్చుచుండెను.

అట్టి మార్పులలో మిక్కిలి వివాదమునకు గురియైనది ఇనిట్ మార్పు. 2013 అక్టోబరు మొదలు 2014 నవంబరు వఱకు డెబియన్ సంఘమును అది కుదిపివేసినది. ఆ వివాదమునకు మూలమైన విషయమేమి, ఇరుపక్షములవారు చెప్పినదేమి, నిర్ణయము ఎట్లు జరిగినది, ఓడిన పక్షమునకు తరువాత ఏమి మిగిలినది అను నాలుగు విషయములును ఇచట విచారింపబడుచున్నవి.

మొదటి కార్యక్రమము

లినక్సు అనునది నిజమునకు కెర్నెల్ మాత్రమే. యంత్రపు అవయవములను స్వాధీనమున ఉంచుకొని, కార్యక్రమములకు వానిని పంచియిచ్చుట దాని పని. కెర్నెల్‌తో పాటు వేలకొలది కార్యక్రమములను చేర్చి, అవి ఒకదానితో నొకటి పొసగునట్లు సరిచూచి ప్రజలకు అందించు సంపూర్ణ సంపుటికి పంపిణీ అని పేరు. డెబియన్ అట్టి పంపిణీ. 1993 ఆగస్టు 16 వ తేదీన ఇయన్ మర్డాక్ అను విద్యార్థి దీనిని ప్రకటించెను. ఇది ఏ వ్యాపారసంస్థకును చెందినది కాదు. నానాదేశములందలి స్వచ్ఛంద కార్యకర్తలు దీనిని నడపుచున్నారు. 1998 డిసెంబరులో వారు తమ సంఘమునకు ఒక రాజ్యాంగమును ఏర్పఱచుకొనిరి.

కంప్యూటరును వెలిగించినపుడు కెర్నెల్ మేల్కొని, జ్ఞాపకశక్తిని, డిస్కును గుర్తించిన పిదప ఒకే యొక కార్యక్రమమును ప్రారంభించును. దాని సంఖ్య 1. దానికే ఇనిట్ అని పేరు. గడియారమును సరిచేయునది, నెట్‌వర్కును కలుపునది, ముద్రణయంత్రమును చూచుకొనునది, ప్రవేశపు తెరను చూపునది, ఇవి యన్నియు ఇనిట్ నుండియో దాని సంతతినుండియో పుట్టవలసినవే. ఒక తల్లి కార్యక్రమము ముందుగా ముగిసి, దాని బిడ్డ కార్యక్రమము ఇంకను నడచుచున్నచో, ఆ అనాథను ఇనిట్ దత్తు తీసికొనును. ఇతర కార్యక్రమము ఏది పడిపోయినను యంత్రము నిలుచును. ఇనిట్ పడిపోయినచో యంత్రమే ఆగిపోవును.

నూలు మిల్లులో అందఱికంటె ముందు వచ్చి అందఱికంటె వెనుక వెళ్లు మేస్త్రిని దీనికి పోల్చవచ్చును. బ్లోరూములో ప్రత్తి విడిపడనిదే కార్డింగునకు పని లేదు. కార్డింగు కానిదే స్పిన్నింగునకు పని లేదు. ఏ విభాగము దేనికై వేచియుండవలెనో, ఏది దేనితో పాటు మొదలుకావచ్చునో మేస్త్రికి తెలిసియుండవలెను. మేస్త్రిని మార్చుట యనగా మిల్లు తెల్లవారు విధమునే మార్చుట.

పాత పద్ధతి

2013 మే నెలలో వెలువడిన డెబియన్ 7 వఱకు ఈ స్థానమున ఉండినది సిస్‌వీ ఇనిట్. ఏటీ అండ్ టీ సంస్థ 1983లో వెలువరించిన యూనిక్సు సిస్టం ఫైవ్‌లోని పద్ధతి ననుసరించి మికెల్ వాన్ స్మూరెన్‌బర్గ్ లినక్సునకై వ్రాసిన కార్యక్రమమిది. దీని విధానము సులభమైనది. ప్రతి సేవకును ఒక స్క్రిప్టు ఉండును. దానికి ప్రారంభింపుమనియో ఆపుమనియో ఆజ్ఞ యియ్యవచ్చును. యంత్రపు స్థితులను సున్న మొదలు ఆఱు వఱకు అంకెలతో గుర్తింతురు. ఒక్కొక్క స్థితికిని ఒక సంచయము ఉండును. అందు ప్రారంభింపవలసినవి ఎస్ అను అక్షరముతోను, ఆపవలసినవి కే అను అక్షరముతోను, వాని ప్రక్క వరుస సంఖ్యతోను ఉండును. 2011లో వెలువడిన డెబియన్ 6లో ఈ సంఖ్యలను చేతితో వేయుట మాని, స్క్రిప్టు తలపై వ్రాసిన ఆధారములను బట్టి లెక్కకట్టు ఏర్పాటు జరిగినది.

ఈ పద్ధతికి గొప్ప సుగుణము కలదు. అంతయు చదువదగిన వ్రాత. స్క్రిప్టు వ్రాయు భాష తెలిసినవాడెవడైనను దానిని తెఱచి, ఏ వరుసలో ఏమి జరుగుచున్నదో చూచి, తప్పున్నచో దిద్దుకొనవచ్చును. ఇరువది సంవత్సరములు యంత్రములను కాపాడినవారి అనుభవమంతయు ఈ స్క్రిప్టులలోనే నిక్షిప్తమై యుండెను.

లోపములును కలవు. మొదటిది, యంత్రము మారిపోయినది. 1983లో డిస్కులు, తీగలు యంత్రమునకు స్థిరముగా అతికియుండెడివి. తరువాత యూఎస్‌బీ పరికరములు వచ్చి పోవుచుండెను. నెట్‌వర్కు ఒక గదిలో దొరకి మఱియొక గదిలో పోవుచుండెను. ముందుగానే కట్టిన వరుస ఇట్టి రాకపోకలకు సరిపోదు. రెండవది, పాత ఇనిట్ సేవను ప్రారంభించునే గాని, అది బ్రదికియున్నదో లేదో కనిపెట్టి యుండదు. సేవలు తమ సంఖ్యను ఒక చిన్న ఫైలులో వ్రాసి పెట్టును. సేవ మరణించినను ఆ ఫైలు అట్లే మిగిలియుండవచ్చును. మూడవది, ప్రతి స్క్రిప్టును ఒక్కొక్క పంపిణీలో ఒక్కొక్క రీతిగా వ్రాయబడుటచే ఒకే పనిని పదిమంది పదిసార్లు చేయవలసి వచ్చెను.

కొత్త పద్ధతులు

ఈ లోపములను తీర్చుటకు జరిగిన ప్రయత్నములలో మొదట ప్రసిద్ధికెక్కినది అప్‌స్టార్ట్. కెనానికల్ సంస్థలో పనిచేయుచుండిన స్కాట్ జేమ్స్ రెమ్నాంట్ దీనిని వ్రాయగా, 2006లో ఉబుంటు 6.10 దీనిని స్వీకరించినది. డిస్కు దొరకినది, నెట్‌వర్కు కలిసినది అను సంఘటనలు జరిగిన కొలది వానిని బట్టి సేవలను మొదలుపెట్టుట దీని సూత్రము.

రెండవది సిస్టమ్‌డీ. రెడ్ హ్యాట్ సంస్థకు చెందిన లెన్నార్ట్ పొయెట్టరింగ్ 2010 ఏప్రిల్ 30 వ తేదీన ప్రకటించిన వ్యాసముతో ఇది లోకమునకు తెలిసినది. కే సీవర్స్ ఇందు ఆయనకు సహకారి. 2011 మేలో ఫెడోరా 15 దీనిని స్వీకరించినది. ఆ యేటి నవంబరులో ఓపెన్‌సూసీ 12.1, 2012లో ఆర్చ్ లినక్సు దాని ననుసరించినవి.

సిస్టమ్‌డీలోని ఒక ఉపాయమును గాంధీపురము బస్సు నిలయమున నిలిచి గ్రహింపవచ్చును. బస్సు ఇంకను డిపోనుండి రాలేదు. అయినను టికెట్టు కౌంటరు తెఱచియున్నది. ప్రయాణికులు టికెట్టు కొని వరుసలో నిలుతురు. బస్సు వచ్చినంతనే ఎక్కుదురు. బస్సు లేదని ఎవరును వెనుకకు పంపబడరు. ఇట్లే సిస్టమ్‌డీ సేవలను మొదలుపెట్టుటకు ముందే, వానితో మాటలాడు సాకెట్టులను తానే తెఱచి యుంచును. ఇతర కార్యక్రమములు పంపిన సందేశములను, సేవ సిద్ధమగు వఱకు కెర్నెల్ వరుసలో నిలుపును. అందుచేత ఒకదానికై మఱియొకటి వేచియుండ నక్కఱ లేక, పెక్కు సేవలు ఒకేసారి మొదలుకాగలవు. ఈ ఉపాయమును 2005లో ఆపిల్ సంస్థ తన లాంచ్‌డీ యందు ఇంతకుముందే ప్రయోగించి యుండెను.

రెండవ ఉపాయము లెక్కకు సంబంధించినది. ఒక సేవనుండి పుట్టిన బిడ్డలను, మనుమలను అన్నిటిని కెర్నెల్‌లోని సీగ్రూపు అను ఏర్పాటుచేత ఒకే జట్టుగా నమోదు చేయును. కూలివాడు తప్పించుకొని వేఱొక జట్టులో కలియుటకు వీలు లేనట్లు, ఏ కార్యక్రమమును తన సేవనుండి విడిపోయి మఱుగుపడదు. సేవను ఆపుమన్నచో జట్టంతయు ఆగును. సేవ పడిపోయినచో తెలిసికొని మరల లేపవచ్చును. పొడవైన స్క్రిప్టునకు మాఱుగా, ఏ కార్యక్రమమును నడపవలెను, దేని తరువాత నడపవలెను అను కొలది పంక్తుల చిన్న ఫైలు చాలును.

గెంటూ పంపిణీనుండి వచ్చిన ఓపెన్‌ఆర్‌సీ మూడవ మార్గము. పాత స్క్రిప్టుల స్వభావమును విడువక, వాని ఆధారములను మాత్రము చక్కపఱచుట దాని ఆశయము. డెబియన్ ముందు నిలిచిన ఎంపికలు ఈ మూడును, పాతదియు కలిసి నాలుగు.

ఉభయపక్షముల వాదములు

సిస్టమ్‌డీని కోరినవారి ముఖ్యవాదము వేగమును గూర్చినది కాదు. యంత్రము కొన్ని క్షణములు ముందుగా తెఱచుకొనుట కంటె, తెఱచుకొన్న పిదప లోపల ఏమి జరుగుచున్నదో నిశ్చయముగా తెలియుట మేలని వారనిరి. ఒకే సేవా ఫైలు అన్ని పంపిణీలలోను చెల్లినచో అందఱి శ్రమయు తగ్గునని, ఇతర పెద్ద పంపిణీలు ఇప్పటికే ఆ దారి పట్టినవని చూపిరి. అప్‌స్టార్ట్‌నకు మార్పులు వ్రాసి పంపువారు కెనానికల్ సంస్థతో ఒక ఒప్పందమును చేసికొనవలసి యుండుట కూడ కొందఱికి అభ్యంతరమయ్యెను.

ఎదుటిపక్షమువారి భయము వేఱు. మొదటి కార్యక్రమము ఎంత చిన్నదైన అంత మేలు. సిస్టమ్‌డీ యన్ననో దినదినము పెరుగుచున్నది. పరికరములను గుర్తించు యూడెవ్ 2012లో దానిలో కలిసిపోయినది. ఎవరు యంత్రము ముందు కూర్చున్నారో లెక్కచూచు లాగిన్‌డీ దానిలో భాగము. గ్నోమ్ అను తెరవ్యవస్థ ఆ లాగిన్‌డీపై ఆధారపడ మొదలిడినది. మేస్త్రిగా వచ్చినవాడు గుమాస్తా పనిని, కావలి పనిని కూడ తనలో చేర్చుకొనినచో, రేపు వానిని మార్చవలసి వచ్చినపుడు మిల్లునే మార్చవలసి వచ్చునని వారి వాదము.

దినచర్య విషయమునను తగవు కలిగినది. యంత్రమున జరిగిన సంగతులు పూర్వము మామూలు వ్రాతగా ఫైలులలో చేరెడివి. సిస్టమ్‌డీ వానిని జర్నల్ అను పేర యంత్రసంకేత రూపమున దాచును. చదువుటకు ప్రత్యేక సాధనము కావలెను. వెదకుటకు, వేఱుపఱచుటకు ఇది సులభమని ఒకరు. యంత్రము చెడినపుడే దినచర్య ఎక్కువ అవసరమగును గదా, అపుడు ఆ సాధనము కూడ పనిచేయకున్న గతియేమని మఱియొకరు.

డెబియన్‌నకు మాత్రమే చెందిన చిక్కు ఇంకొకటి యుండెను. ఆ సంఘము లినక్సు కెర్నెల్‌తో పాటు ఫ్రీబీఎస్‌డీ, హర్డ్ అను కెర్నెల్‌లపై కూడ తన పంపిణీని నిర్మించుచుండెను. సిస్టమ్‌డీ యన్ననో లినక్సునందే నడచును. దానిని స్వీకరించుట యనగా ఆ చిన్న శాఖలను దూరము చేసికొనుటయేనా యని కొందఱు ప్రశ్నించిరి. తరువాత 2015లో వెలువడిన డెబియన్ 8లో ఫ్రీబీఎస్‌డీ శాఖకు స్థానము దొరకలేదు.

ఇరుపక్షములును బుద్ధిమంతులతో కూడినవే. ఒకరు యంత్రము నేడు సరిగా నడచుటను కోరిరి. మఱియొకరు రేపు తమ దారి తాము ఎంచుకొను స్వాతంత్ర్యమును కోరిరి. రెండు కోరికలును న్యాయమైనవి యగుటచేతనే వివాదము అంత తీవ్రమైనది.

సాంకేతిక సమితి నిర్ణయము

2013 అక్టోబరు 25 వ తేదీన పాల్ టాగ్లియామాంటి అను సభ్యుడు ఈ ప్రశ్నను డెబియన్ సాంకేతిక సమితి ముందుంచెను. దోషములను నమోదు చేయు పట్టికలో ఆ విన్నపమునకు 727708 అను సంఖ్య ఏర్పడినది. సభ్యులు తమలో తాము తేల్చుకొనలేని సాంకేతిక వివాదములను తీర్చుటకు రాజ్యాంగము ఏర్పఱచినది ఈ సమితి. అప్పుడు అందు ఎనమండుగురు సభ్యులుండిరి. బ్డేల్ గార్బీ అధ్యక్షుడు.

చర్చ యావత్తును బహిరంగముగా, వ్రాతపూర్వకముగా జరిగినది. ఎవరు ఏ దినమున ఏమనిరో ఈనాటికిని ఎవరైనను చదువుకొనవచ్చును. రస్ ఆల్‌బెరీ తాను పోషించు కార్యక్రమమును సిస్టమ్‌డీ, అప్‌స్టార్ట్ రెండింటి కిందను నడపి చూచి, సుదీర్ఘమైన పరిశీలనపత్రమును వ్రాసి సిస్టమ్‌డీ వైపు మొగ్గెను. ఇయన్ జాక్సన్ కూడ స్వయముగా పరీక్షించి అప్‌స్టార్ట్ మేలనెను. మాటలతోనే గాక చేతితో చేసి చూచి వాదించుట ఈ చర్చకు వన్నె తెచ్చినది. స్టీవ్ లాంగసెక్, కోలిన్ వాట్సన్ అను ఇద్దఱు సభ్యులు కెనానికల్ సంస్థలో ఉద్యోగులని కొందఱు ఆక్షేపించిరి. అయినను వారి వాదములు అందఱి ఎదుటను ఉండుటచే, వానిని గుణమును బట్టి తూచుటకు వీలయ్యెను.

2014 ఫిబ్రవరిలో ఓటు జరిగెను. డెబియన్‌లో ఓటరు ఒకదానినే ఎంచుకొనడు; ఎంపికలన్నిటిని తన యిష్టము చొప్పున వరుసగా వ్రాయును. ఏ రెండింటిని పోల్చినను ఎక్కువమంది దేనిని ముందు వ్రాసిరో లెక్కింతురు. ఇంకను చర్చింపవలెను అనునది కూడ ఎల్లప్పుడు ఒక ఎంపికగా ఉండును. లెక్క చూడగా గార్బీ, ఆల్‌బెరీ, కీత్ పాకార్డ్, డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ సిస్టమ్‌డీని ముందుంచిరి. జాక్సన్, లాంగసెక్, వాట్సన్, ఆండ్రియాస్ బార్త్ అప్‌స్టార్ట్‌ను ముందుంచిరి. నలుగురు, నలుగురు. ఫిబ్రవరి 11 వ తేదీన అధ్యక్షుని నిర్ణాయక ఓటుచే సిస్టమ్‌డీ నెగ్గినది.

తెలుగు సంఘముల సభలలో కూర్చున్నవారికి ఇట్టి స్థితి తెలియనిది కాదు. సమానముగా చీలిన సభలో అధ్యక్షుని ఓటు తీర్పును ఇచ్చునే గాని తృప్తిని ఇయ్యదు. ఈ చిక్కును సమితియు ఎఱుగును. అందుచే తీర్మానముననే ఒక వాక్యమును చేర్చిరి: డెబియన్ 8 వెలువడుటకు ముందు సభ్యులందఱు సాధారణ ఓటుచే వేఱొక అభిప్రాయమును ప్రకటించినచో, అదియే తమ నిర్ణయమునకు బదులుగా నిలుచునని. సమితి తీర్మానమును రద్దుచేయుటకు మామూలుగా మూడింట రెండువంతుల ఆధిక్యము కావలెను. ఇచట సామాన్యమైన ఆధిక్యమే చాలునని తామే తలుపు తెఱచి యుంచిరి.

తీర్మానమునందలి మఱియొక పదము గమనింపదగినది. లినక్సు యంత్రములకు సిస్టమ్‌డీ డీఫాల్టుగా ఉండవలెనని మాత్రమే వారనిరి. డీఫాల్టు అనగా, వేఱొకటి కోరనివానికి లభించునది. కోరినవానికి వేఱొకటి లభింపదని దాని యర్థము కాదు.

నిర్ణయమునకు పిమ్మట

ఫిబ్రవరి 14 వ తేదీన ఉబుంటు స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్, తమ పంపిణీయు డెబియన్‌ను అనుసరించి సిస్టమ్‌డీని స్వీకరించునని ప్రకటించెను. ఎనిమిది సంవత్సరములు తాము పెంచిన అప్‌స్టార్ట్‌ను విడుచుట వారికి సులభము కాదు. 2015 ఏప్రిల్‌లో వెలువడిన ఉబుంటు 15.04 ఆ మాటను నెరవేర్చినది.

డెబియన్‌లో మాత్రము మంట చల్లాఱలేదు. ఒక పంపిణీలోని ఇతర కార్యక్రమములు ఒకానొక ఇనిట్ లేనిదే నడవము అని చెప్పవచ్చునా అనునది మిగిలిన ప్రశ్న. చెప్పరాదని ఇయన్ జాక్సన్ సభ్యులందఱి ఓటునకు ప్రతిపాదించెను. 2014 నవంబరులో ఓటు జరుగగా, ఈ విషయమున సాధారణ తీర్మానమే అనవసరమను ఎంపిక నెగ్గినది. ఆ నెలలోనే ఎన్నో యేండ్లుగా సేవచేసిన జోయీ హెస్ సంఘమును విడిచెను. ఆల్‌బెరీ, జాక్సన్, వాట్సన్ సాంకేతిక సమితినుండి తప్పుకొనుచున్నట్లు తెలిపిరి. సిస్టమ్‌డీని పోషించు జట్టునుండి టొలెఫ్ ఫాగ్ హీన్ వైదొలగెను. నెగ్గినవారు, ఓడినవారు ఇరువురును అలసిరి. వ్యక్తిదూషణలు వాదములకంటె ఎక్కువ హాని చేసినవి.

నవంబరు 27 వ తేదీన అనుభవజ్ఞులైన యూనిక్సు నిర్వాహకులు కొందఱు డెబియన్ మూలమును తీసికొని, సిస్టమ్‌డీ లేకుండ డెవువాన్ అను వేఱు పంపిణీని నిర్మింతుమని ప్రకటించిరి. స్వేచ్ఛా సాఫ్టువేరు కావున ఎవరి అనుమతియు అక్కఱ లేదు. కాని అనుమతి అక్కఱ లేకపోవుట వేఱు, శ్రమ తప్పుట వేఱు. డెబియన్ 8 సిస్టమ్‌డీతో 2015 ఏప్రిల్ 25 వ తేదీన వెలువడగా, దానికి సమమైన డెవువాన్ 1.0 సిద్ధమగుటకు 2017 మే 25 వఱకు పట్టినది. అది ఈనాటికిని నడచుచున్నది.

సంఘము కూడ కొంత నేర్చుకొన్నది. 2014 డిసెంబరులో జరిగిన ఓటుచే సాంకేతిక సమితి సభ్యుల పదవికి కాలపరిమితి ఏర్పడినది. 2019 డిసెంబరులో ఇనిట్ ప్రశ్న మరల సభ్యులందఱి ముందుకు వచ్చినపుడు ఏడు ప్రతిపాదనలు నిలిచినవి. సిస్టమ్‌డీయే ప్రధానము, ఇతర మార్గములను అన్వేషించువారికి ప్రోత్సాహము ఇయ్యదగును అను ప్రతిపాదన నెగ్గినది. ఇతర ఇనిట్‌లను తప్పక పోషింపవలెనను ప్రతిపాదన ఓడినది. సిస్టమ్‌డీ పైననే దృష్టి నిలుపవలెనను ప్రతిపాదనయు ఓడినది.

దినచర్య తగవు కూడ కాలక్రమమున తీరినది. డెబియన్ చాలకాలము జర్నల్‌తో పాటు పాత వ్రాతఫైలులను ఉంచు కార్యక్రమమును అమర్చుచుండెను. 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12 నుండి అది కోరినవారికే అమర్చబడుచున్నది.

ముందుంచుట, మిగిలియుండుట

ఈ చరిత్రలో ఒక చిన్న విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. డెబియన్‌లో సిస్‌వీ ఇనిట్ ఈనాటికిని ఉన్నది, కోరినవారు అమర్చుకొనవచ్చును. కాని సేవలను పోషించువారు ఒక్కొక్కరే పాత స్క్రిప్టులను తీసివేయుచు వచ్చిరి. వారి యంత్రములపై పాత ఇనిట్ లేదు. పరీక్షించుటకు తీరిక లేదు. అట్లు విడువబడిన స్క్రిప్టులను ఏఱి కాపాడుటకై కొందఱు పూనుకొని ఒక ప్యాకేజీని ఏర్పఱచిరి. దాని పేరు ఆర్ఫన్ సిస్‌వీ ఇనిట్ స్క్రిప్ట్స్, అనగా అనాథ స్క్రిప్టులు. ఒకనాడు అనాథ కార్యక్రమములను దత్తు తీసికొనిన ఇనిట్ యొక్క స్క్రిప్టులే అనాథలు కాగా, వానిని దత్తు తీసికొనువారు కావలసి వచ్చిరి.

డెబియన్ వివాదమునందలి ప్రధాన పాఠము ఇందు కలదు. డీఫాల్టు అను పదము ఓడినవాని హక్కును తుడిచివేయదు. కాని ఆ హక్కును పోషింపదు కూడ. ఓటు ముగిసిన పిదప ఐచ్ఛికమైనది నిలుచుట, దానిని దినదినము మోయువారి సంఖ్యను బట్టి యుండును. ఒక్క తీర్మానముచే చావదు. ఒక్కొక్క చేయి వదలిన కొలది క్షీణించును.

తెలుగువారికి ఇది కొత్త యనుభవము కాదు. కళాశాల విద్యార్థుల తెలుగు రచన ఏ భాషలో ఉండవలెనని మద్రాసు విశ్వవిద్యాలయము విచారించినపుడు నెగ్గినది గ్రాంథికపక్షము. ఓడినపక్షమున ఉండిన గురజాడ అప్పారావుగారు 1914లో తమ అసమ్మతిని ఒక సవివరమైన పత్రముగా వ్రాసియిచ్చిరి. ఆయన 1915లో మరణించిరి. గిడుగు రామమూర్తిగారు 1940లో మరణించు వఱకు ఆ పక్షమును మోయుచునే యుండిరి. తరువాతి కాలమున పత్రికలు, పాఠ్యపుస్తకములు ఏ మార్గము పట్టినవో అందఱికిని తెలిసినదే. ఓడిననాడు వ్రాసిన పత్రమును, దానిని మోసిన మనుష్యులును ఉండుటచేతనే ఆ పక్షము నిలిచినది.

తమిళనాటి బడులలో ఈ విషయము ఇంకను సమీపముగా కనబడును. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ప్రకారము 2006–07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటేట ఒక తరగతి పెరిగి, 2015–16 నాటికి పదవ తరగతి వఱకు తమిళము మొదటి భాగముగా నిర్బంధమైనది. తమిళముగాని ఇంగ్లీషుగాని మాతృభాష కానివారు తమ భాషను నాలుగవ భాగముగా, ఐచ్ఛికముగా చదువుకొనవచ్చును. రాష్ట్రభాషను నేర్చుకొనుట ఇచటి తెలుగుపిల్లలకు అవసరము, ఉపకారము; అందు సందేహము లేదు. నాలుగవ భాగము చట్టములోనే కలదు. అది ఒకానొక బడిలో ఉన్నదా లేదా అనునది మాత్రము చట్టమును చదివిన తెలియదు. ఆ బడిలో తెలుగు చెప్పువారున్నారా, పుస్తకము చేతికి వచ్చినదా, ఇంటిలో తెలుగు మాటలాడు తల్లిదండ్రులు ఆ గడిలో పిల్లవాని పేరు వ్రాయించిరా అను మూడు ప్రశ్నలకు సమాధానమును బట్టి తెలియును.

డెబియన్‌లో తెలుగు స్థితియు ఇట్టిదే. ఆ పంపిణీని కంప్యూటరులో అమర్చునపుడు తెలుగు భాషను ఎంచుకొనవచ్చును. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించిన పోతన, వేమన అక్షరములు అందు లభించును. ఇవి యేవియు ఓటుచే వచ్చినవి కావు. ఎవరో కూర్చుండి అనువదించుటచేతను, అక్షరములను గీయుటచేతను వచ్చినవి. కొత్త సంచిక వెలువడినపుడెల్ల కొత్త వాక్యములు చేరును; వానిని తెలుగు చేయువారు లేకున్నచో తెరపై తెలుగు నడుమ ఇంగ్లీషు పంక్తులు మొలచును.

2023 సెప్టెంబరులో డెబియన్ వార్షికసభ కొచ్చిలో జరిగినది. పాలక్కాడు కనుమ దాటినచో గాంధీపురమునుండి కొన్ని గంటల ప్రయాణము. నానాదేశములనుండి వచ్చినవారు అచట కూర్చుండి తరువాతి సంచికలను గూర్చి చర్చించిరి. అట్టి సభలో మాటలాడుటకు కులము, దేశము, ధనము అడ్డము కావు. పనిచేసి చూపినవాని మాటకు విలువ యుండును. మోటారును విప్పి చూచిన తాతల మనుమలు ఈ మొదటి కార్యక్రమమును కూడ విప్పి చూడగలరు. అట్లు చూచినవారు కొందఱైనను తెలుగు సంఘములనుండి బయలుదేరినచో, తెలుగు ఐచ్ఛికముగానైనను మిగిలియుండుటకు మోయు చేతులు దొరకినట్లగును.